ఈసారి మూట యాత్రకు



సంక్రాంతి పోయింది. అచ్చంపేట మార్కెట్టుకు పల్లికాయ బండ్లు వరుస కట్టే రోజులివి. బల్మూర్ మండలంలో చేను తీసి, కాయ అమ్మి, నాలుగు పైసలు చేతికొచ్చిన ఇళ్లల్లో ముందు అప్పుల లెక్క తెములుతుంది. ఆ తర్వాత కథోలిక ఇల్లైతే ఇంకో లెక్క మొదలవుతుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో మరియమాత తిరునాళ్లు. పోదామా, వద్దా? ఇంటాయన పోదామంటాడు. అవ్వ తన మొక్కు ఎన్నేండ్ల నుంచో మిగిలిపోయిందంటుంది. చంకలో బిడ్డతో నిలబడ్డ కోడలు మాత్రం ఒకటే మాట అడుగుతుంది: "పిల్లలతోని ఎట్ల పోతం?"

చాలా ఇళ్లల్లో ఆ మాటతోనే ప్రయాణం ఆగిపోతుంది. లేదంటే పిల్లలను ఇంట్లో ఉంచి పెద్దవాళ్లు పోయివస్తారు, తిరిగొచ్చేటప్పుడు ఒక బొమ్మ, రెండు మిఠాయి పొట్లాలు తెస్తారు. ఆ కోడలు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి ఓపికగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. ఈ రోజు నేను ఆ పని చేయాలనుకుంటున్నాను. పిల్లలను వదిలిపెట్టి చేసే యాత్ర మన పాలమూరు కుటుంబాలకు సరిపోదని నా నమ్మకం. మిగతా ప్రాంతాలవాళ్ల సంగతేమో గానీ, మనకు మాత్రం సరిపోదు.

ముందు మన దిక్కు కథోలికుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో క్రైస్తవులంటే చాలామందికి గుర్తొచ్చేది మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా నుంచి వచ్చిన ఆ మిషనరీలు నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో, తర్వాత గద్వాలలో కేంద్రాలు పెట్టారు. బళ్లు నడిపారు. జడ్చర్లలో వాళ్లు పెట్టిన ఆసుపత్రికి మన తాతలు ఎడ్లబండ్ల మీద పోయేవాళ్లు. వాళ్లతో పోలిస్తే కథోలికులం కొద్దిమందిమి. ఒక ఊళ్లో నాలుగిళ్లు, ఇంకో ఊళ్లో పదిళ్లు. ఫాదర్ గారు ఒక్కరే, తిరగాల్సిన ఊళ్లు ఎన్నో. ఆయన రాని ఆదివారం ఉపదేశి ప్రార్థన చెబుతాడు, సువిశేషం చదువుతాడు. దివ్యబలిపూజ కావాలంటే మాత్రం బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. పట్నంలో చర్చి పక్క వీధిలో పుట్టిన పిల్లకు గుడి అంటే గంట చప్పుడు. మన పిల్లకు గుడి అంటే దుమ్ము, ఆటో వెనక సీటు, అమ్మ ఒళ్లో నిద్ర. పుట్టినప్పటి నుంచి మన పిల్లలకు విశ్వాసమూ ప్రయాణమూ కలిసే వచ్చాయి.

ఇంకో రకం ప్రయాణం కూడా మన పిల్లలకు బాగా తెలుసు. వలస.

పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ కట్టినా, శ్రీశైలం కట్టినా రాళ్లు మోసినవాళ్లలో మన జిల్లావాళ్లు ఉన్నారు. ముంబయిలో, పుణేలో, బెంగళూరులో, ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ లేచే అంతస్తుల్లో వాళ్ల చెమట ఉంది. కూలీలను పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఇంట్లో మూటలు కడతారు. ఆ మూట కట్టడం మీరు దగ్గర నుంచి చూసే ఉంటారు. పాత చీరను నేల మీద పరిచి, మధ్యలో సత్తు గిన్నెలు బోర్లించి పెడతారు. వాటి మీద దుప్పట్లు, దుప్పట్ల మీద జొన్నపిండి సంచి, కారం డబ్బా. నాలుగు కొసలూ ఎదురెదురుగా లాగి మోకాలితో అదిమి ముడి వేస్తారు. ఆ పక్కనే ఐదేండ్ల పిల్లవాడు నిలబడి చూస్తుంటాడు. ఎక్కడికి పోతున్నామో వాడికి ఎవరూ చెప్పరు. ఎప్పుడొస్తామో అమ్మానాయనలకే తెలియదు. పుస్తకాల సంచి మూటలో పట్టదు, గూట్లో మిగిలిపోతుంది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన చోట్ల వలస కొంత తగ్గింది, సంతోషం. పూర్తిగా ఆగలేదన్నది కూడా మీకు తెలుసు.

అందుకే నేను పిల్లలతో యాత్ర గురించి ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను. మన పిల్లలు ఊళ్లు తిరగనివాళ్లు కారు. చాలా తిరిగారు. కానీ తిరిగినదంతా పెద్దవాళ్ల పని కోసం, అడ్వాన్సు తీర్చడం కోసం. వాళ్ల కోసం కూడా మూట కట్టిన ప్రయాణం, ఎక్కడికి పోతున్నామో ముందే చెప్పిన ప్రయాణం, తిరుగు తేదీ ఖాయంగా ఉన్న ప్రయాణం ఒక్కటైనా వాళ్ల చిన్నతనంలో ఉండాలి. పేదింట్లో అలాంటి ప్రయాణం యాత్ర ఒక్కటే. విహారానికి పోయేంత డబ్బు మనకు లేదు. మొక్కు ఉంది కాబట్టే ఖర్చు పెట్టే ధైర్యం వస్తుంది.

పిల్లలతో యాత్ర కథోలికులకే చెందిన సంగతేమీ కాదు. మన పక్కనే రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఉంది. నల్లమల లోపల సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయేవాళ్లను చూడండి. రాళ్ల దారిలో, లోయలోకి దిగే చోట, పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని దిగుతారు. చెంచు తల్లులు చంటిపిల్లను చీరతో వీపుకు కట్టుకొని అడవంతా నడుస్తారు. పిల్లలతో దేవుడి దగ్గరికి ఎలా పోవాలో ఈ నేలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మన ఇరుగుపొరుగు నుంచి మనం తీసుకోవాల్సింది ఆ ధైర్యమే.

ఇక మన వేదంలోకి వద్దాం. బాలయేసు చేసిన ప్రయాణాలు సువిశేషాల్లో ఉన్నాయి, వాటిలో రెండు చెప్పుకుందాం. మొదటిది ఐగుప్తుకు. హేరోదు బిడ్డను చంపాలని చూస్తున్నాడని తెలిసి, రాత్రికి రాత్రే జోజప్ప గారు తల్లినీ బిడ్డనూ తీసుకొని పోయిన ప్రయాణం. మత్తయి సువిశేషం రెండో అధ్యాయంలో ఉంటుంది. అది వలస. అంతకన్నా కష్టం, ప్రాణం అరచేతిలో పెట్టుకొని పోవడం. 1952 ఆగస్టు 1న పన్నెండో భక్తినాథ పోపు గారు వలస కుటుంబాల గురించి ఒక పత్రం వెలువరించారు. దాని ప్రారంభంలోనే ఆయన ఐగుప్తుకు పారిపోయిన ఆ తిరుకుటుంబాన్ని లోకంలోని వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపించారు. ఇటుకబట్టీ దగ్గర గుడిసె వేసుకున్న మన కుటుంబం ఆ వరుసలో ఉందని తిరుసభే చెప్పిందన్నమాట.

రెండో ప్రయాణం యెరూషలేముకు. లూకా సువిశేషం రెండో అధ్యాయం చివర ఉంటుంది. యేసుకు పన్నెండేండ్లు. పాస్కా పండుగకు నజరేతు నుంచి గుంపుగా నడిచి పోయారు. అప్పటి నడక లెక్కన రోజుల ప్రయాణం. పండుగ అయింది, అందరూ తిరుగుదారి పట్టారు. ఒక రోజంతా నడిచాక గానీ బిడ్డ లేడని తల్లిదండ్రులకు తెలియలేదు. గుంపులో చుట్టాల దగ్గర ఉంటాడులే అనుకున్నారు. వెనక్కి పోయి, మూడో రోజున దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని ఉండగా కనుక్కున్నారు.

ఈ ఘట్టాన్ని జపమాలలో సంతోష రహస్యాల చివర ధ్యానిస్తాం. ధ్యానించేటప్పుడు మనకు కనిపించేది పండితుల మధ్య బాలయేసు. ఒక్కసారి ఆ తల్లి వైపు నుంచి చూడండి. మరియమ్మ లాంటి తల్లికి, జోజప్ప గారి లాంటి తండ్రికి కూడా జాతరలో బిడ్డ తప్పిపోయాడు. వాళ్ల అజాగ్రత్త వల్ల అని సువిశేషం ఎక్కడా అనలేదు. గుంపులో అలా జరుగుతుంది. వీళ్ల దగ్గర ఉన్నాడని వాళ్లు, వాళ్ల దగ్గర ఉన్నాడని వీళ్లు అనుకుంటారు. కాబట్టి తిరునాళ్లకు పోయేవాళ్లకు నా మొదటి సలహా ఈ ఘట్టం నుంచే. బయలుదేరేటప్పుడే ఏ బిడ్డ ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పుకోండి. "పెద్దోడు బాబాయి దగ్గర, చిన్నది అత్త దగ్గర" అని ఇంట్లోనే తేల్చుకోండి. అందరూ చూస్తారులే అనుకున్న చోట ఎవరూ చూడరు. పిల్ల జేబులో చీటీ పెట్టండి, ఫోన్ నంబరు రాసి. మాటలొచ్చిన పిల్లకు నాయన పేరు, ఊరి పేరు, మండలం పేరు కంఠస్థం చేయించండి. బల్మూర్ అంటే విజయవాడలో ఎవరికీ తెలియకపోవచ్చు, అచ్చంపేట అని కూడా నేర్పండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో దిగగానే ఒక చోటు చూపించండి.

ఇక గుణదల సంగతి. 1924లో అక్కడి సెయింట్ జోసెఫ్ సంస్థకు పెద్దగా ఉన్న ఇటలీ దేశపు గురువు ఆర్లాటి గారు కొండ గుహలో మరియమాత స్వరూపం నిలిపారు. అప్పటి నుంచి వందేండ్లు దాటింది. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియమాత దర్శనమిచ్చిన రోజునే ఇక్కడ పెద్ద పండుగ. తిరునాళ్లకు ముందు నవదిన ప్రార్థనలు జరుగుతాయి. ఇక్కడికి వచ్చేవాళ్లలో కథోలికులు కానివాళ్లు, క్రైస్తవులే కానివాళ్లు ఎంతోమంది. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మన నేల భక్తి తీరు అది.

లూర్దు కథను మన పిల్లలకు చెప్పే తీరు మాత్రం మార్చాలని నాకనిపిస్తుంది. గురువులు ప్రసంగాల్లో మరియమాత సందేశం చెబుతారు, మంచిదే. పిల్లలకు ముందు బెర్నదెత్తు గురించి చెప్పండి. ఆ అమ్మాయికి అప్పుడు పద్నాలుగేండ్లు. తండ్రి పిండిమర నడిపేవాడు, అది చేజారిపోయింది. కుటుంబమంతా ఒక పాత జైలు గదిలో తలదాచుకుంది. ఉబ్బసం ఉన్న పిల్ల. చదవడం రాదు. మొదటి దివ్యసత్ప్రసాదం కూడా ఇంకా తీసుకోలేదు. ఆ రోజు చెల్లెలితో, ఒక స్నేహితురాలితో కలిసి వంటచెరుకు ఏరుకోవడానికి ఏటి ఒడ్డుకు పోయింది. అక్కడ కనిపించింది ఆ తల్లి. ఇళ్లు మారి మారి బతికిన, కట్టెలు ఏరిన, బడి తప్పిన పిల్ల దగ్గరికి. పాలమూరు పిల్లకు ఈ కథలో విడమరచి చెప్పాల్సింది ఏమీ ఉండదు. వంటచెరుకు బరువు ఆ పిల్ల తలకు తెలుసు. గుణదల కొండ కింద నిలబడి ఈ కథ చెప్పిన తర్వాత, పైకి ఎందుకు ఎక్కుతున్నామని ఆ పిల్ల మళ్లీ అడగదు.

దారి గురించి కొంచెం. బల్మూర్ నుంచి పోయేవాళ్లు కొందరు తుఫాను బండి మాట్లాడుకుంటారు, కొందరు బస్సులు మారుతూ పోతారు. డిండి, దేవరకొండ, కొండమల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, కోదాడ మీదుగా ఒక దారి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ సరిహద్దు దాకా జీరో టికెట్టే. ఆధార్ కార్డు మరచిపోకండి. మగపిల్లలకు అయిదేండ్లు దాటితే పన్నెండేండ్ల దాకా అర టికెట్టు. తిరుగు ప్రయాణంలో వీలైతే కొంత దూరం రైల్లో రండి. గద్వాల, మాచర్ల రైలు మార్గం మాట మన పెద్దవాళ్ల కాలం నుంచి వింటున్నాం, అచ్చంపేట వైపు ఇంకా పట్టాలు పడలేదు. రైలు ఎక్కని పిల్లలు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. అయిదేండ్ల లోపు పిల్లకు రైల్లో టికెట్టు లేదు. అయిదు నుంచి పన్నెండు మధ్య పిల్లకు బెర్తు అడగకపోతే అర టికెట్టు. బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి.

కడుపులో తిప్పడం, వాంతులు. దీని గురించి ఎవరూ ప్రసంగాల్లో మాట్లాడరు. కానీ పిల్లలతో ప్రయాణం ఎక్కువగా చెడేది ఇక్కడే. తెల్లవారుజామున బయలుదేరుతున్నాం కదా అని నూనెలో వేయించినవి పెట్టకండి. రెండు ఇడ్లీలో, ఎండిన రొట్టె ముక్కో చాలు. పిల్లను కిటికీ పక్కన, ముందు వైపు కూర్చోబెట్టండి. నిమ్మకాయ గోరుతో గీరి చేతికివ్వండి, వాసన చూస్తూ ఉంటుంది. ఫోను చేతికిచ్చి తల వంచుకొని చూడనిస్తే తిప్పడం ఎక్కువవుతుంది. సొంతంగా మాట్లాడుకున్న బండైతే రెండు గంటలకొకసారి ఆపించండి. డ్రైవరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. సద్దిలోకి జొన్నరొట్టె, పల్లిపొడి, పులిహోర. పాలు తాగే బిడ్డ తల్లికి నీళ్లు ఎక్కువ తాగించండి. చీర పాడవుతుందనో, దిగే చోటు లేదనో మన ఆడవాళ్లు దారి పొడవునా నీళ్లు ముట్టరు. అది తల్లికీ మంచిది కాదు, బిడ్డకూ మంచిది కాదు. కొండ కింద రాత్రి పడుకోవాల్సి వస్తే ఫిబ్రవరి చలికి ఒక మందమైన దుప్పటి ఎక్కువ పెట్టుకోండి.

కొండ దగ్గర ఒక మాట మగవాళ్లకు. బిడ్డను మీరెత్తుకోండి. ఇంటి దగ్గర నుంచి కొండ దాకా బిడ్డ తల్లి చంకలోనే ఉంది. మెట్ల దగ్గర కూడా ఆమె చంకలోనే ఉంటే ఆమె దేవుణ్ణి ఎప్పుడు తలచుకోవాలి? ప్రయాణికుల పాలకుడు పునీత క్రిస్టోఫర్ గారి కథ మీరు వినే ఉంటారు. ఏరు దాటించమని అడిగిన ఒక చిన్న బిడ్డను ఆయన భుజం మీద ఎక్కించుకున్నాడు. నడి ఏటికి వచ్చేసరికి ఆ బిడ్డ లోకమంత బరువయ్యాడు. ఒడ్డు చేరాక తెలిసింది, తాను మోసింది క్రీస్తునని. 1969లో తిరుసభ సార్వత్రిక పంచాంగం నుంచి ఆయన పండుగను తీసేసినా, జూలై 25న ఆయనను తలచుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. ఎందరో డ్రైవర్ల మెడలో ఆయన పతకం ఉంటుంది. నిద్రపోతున్న మూడేండ్ల బిడ్డను భుజాన వేసుకొని కొండ ఎక్కిన తండ్రికి ఆ కథ మీద అనుమానం ఉండదు.

తలనీలాల విషయంలో నాకు ఒక అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. మొక్కు పెద్దవాళ్లది. ఏడుస్తున్న, నిద్రలేక చికాకు పడుతున్న పిల్లను నలుగురు పట్టుకొని గుండు గీయించడం నాకు బాధగా ఉంటుంది. పిల్లకు ముందు రోజే చెప్పండి. నాయన ముందు కూర్చుని గీయించుకుంటే పిల్ల చూసి భయం పోగొట్టుకుంటుంది. పొద్దున్నే, కడుపు నిండి ఉన్నప్పుడు చేయించండి. ఆ రోజు పిల్ల బాగా లేకపోతే వచ్చే ఏడు చేయించండి. మరియమాత తల్లి. బిడ్డ ఏడుపు ఆమెకు అర్థం కాదా?

ఇప్పుడు గుడిలోపలి సంగతి. పూజలో చంటిపిల్ల ఏడ్చిందంటే ముందు వరుసల్లోంచి తలలు తిరుగుతాయి. ఆ తల్లి ముఖం చిన్నబుచ్చుకొని బయటికి పోతుంది, చెట్టు కింద నిలబడి పూజ అయిపోయేదాకా ఆడిస్తుంది. ఇలా సంవత్సరాల తరబడి పూజ చూడని తల్లులు మన విచారణల్లో, అంటే మన గుడి పరిధుల్లో, ఉన్నారు. 2014 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు రోములో సిస్టీన్ చాపెల్‌లో పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇస్తూ, ఆ పిల్లల గొంతులే అన్నిటికన్నా అందమైన గానమని అన్నారు. ఆకలేస్తే అక్కడే పాలివ్వమని తల్లులతో చెప్పారు. మైకెలాంజెలో బొమ్మలు గీసిన గుడిలో ఏడవడానికి పసిబిడ్డకు అనుమతి ఉంటే, మన రేకుల గుడిలో ఎందుకు ఉండకూడదు?

ఆదివారం పూజ చూడడం కథోలికులకు విధి. అది అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది ఇంకొకటుంది. జబ్బు, పసిపిల్లల పోషణ లాంటి బరువైన కారణాలుంటే ఆ విధి నుంచి మినహాయింపు ఉందని సత్యోపదేశ గ్రంథంలో స్పష్టంగా రాసి ఉంది. పసిపిల్లల మాట పేరు పెట్టి రాశారు. శనివారం సాయంత్రం పూజ చూసినా ఆదివారం విధి తీరుతుంది. దారిలో ఏ ఊరి గుడిలో చూసినా తీరుతుంది. నెల రోజుల బిడ్డతో ఇంట్లో ఉండిపోయిన తల్లి పాపసంకీర్తనంలో ఆ మాట చెప్పుకొని కుమిలిపోవాల్సిన పని లేదు. ఆ మాట ఆమెకు భర్త చెప్పాలి, అత్త చెప్పాలి.

దారిలో జపమాల గురించి కూడా చెబుతాను. యాభై మంగళవార్త జపాలు ఒకే ఊపున చెప్పించాలని చూస్తే పిల్లలు రెండో పదికే కునుకుతారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరి దాకా ఒక పది చెప్పండి. ఆ పది ఎవరి కోసమో పిల్లనే అడగండి. "పుణేల ఉన్న అన్న కోసం", "మా మేకపిల్ల కోసం" అంటారు. మేకపిల్ల కోసం కూడా చెప్పండి. తర్వాతి పది ఇంకో ఊరు దాటాక. కోదాడ వచ్చేసరికి అయిదు పదులూ అయిపోతాయి, ఎవరికీ విసుగుండదు.

మన వాళ్లు ఇష్టంగా కొలిచే చిన్న తెరేజమ్మ కూడా యాత్ర చేసిన పిల్లే. 1887లో, పద్నాలుగేండ్ల వయసులో, తండ్రి లూయీ మార్తెన్ గారు ఆమెనూ అక్క సెలీన్‌నూ ఫ్రాన్సు నుంచి రోము దాకా యాత్రకు తీసుకుపోయారు. అక్కడ పదమూడో సింహరాయ పోపు గారి పాదాల దగ్గర మోకరించి, మఠంలో చేరడానికి అనుమతి కావాలని ఆ పిల్ల తానే అడిగింది. మాట్లాడొద్దని ముందే హెచ్చరించినా అడిగింది. ఆ ధైర్యం ఇచ్చిన ఇల్లు ఎలాంటిదో చూడండి. తల్లి జెలీ గారు లేసు అల్లకం పనితో ఇల్లు నిలబెట్టింది. తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకుంది. 2015 అక్టోబరు 18న ఆ భార్యాభర్తలిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. పిల్లల్ని తీసుకుపోవడం, వాళ్లను మాట్లాడనివ్వడం, రెండూ ఆ తండ్రి చేశాడు. మనం మొదటిది చేసినా రెండోది చేయం. యాత్రలో మరియమాతను ఏమడిగావని పిల్లను అడగండి. అడిగి, జవాబు పూర్తిగా వినండి.

చివరగా, ఫిబ్రవరిలో ఊళ్లో లేనివాళ్ల కోసం. ఇటుకబట్టీల పని జోరుగా ఉండే కాలమిది. ఈ ప్రసంగం ఏదో సైటు దగ్గర, ఫోను రేడియోలో వింటున్నవాళ్లు ఉండొచ్చు. మీకు రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, పిల్లల జ్ఞానస్నాన పత్రం. జ్ఞానస్నానం ఎక్కడ జరిగిందో ఆ విచారణ పుస్తకంలోనే అది రాసి ఉంటుంది. జీవితాంతం ఆ బిడ్డ సంస్కారాల లెక్క అక్కడికే చేరుతుంది, రేపు పెండ్లి అయినా ఆ పుస్తకంలోనే నమోదు చేస్తారు. వలస పోయేముందు ఫాదర్ గారిని అడిగి ఒక పత్రం తీసుకోండి, ఆధార్ కార్డులతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. పుణేలోనైనా ముంబయిలోనైనా దగ్గర్లోని కథోలిక గుడిలో ఆ పత్రం చూపిస్తే పిల్లను మొదటి సత్ప్రసాదం క్లాసులో చేర్చుకోవడం తేలికవుతుంది. 1910లో పదో భక్తినాథ పోపు గారు ఏడేండ్ల ప్రాయం నుంచే పిల్లలకు సత్ప్రసాదం ఇవ్వొచ్చని తేల్చారు. ఊరికి తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటూ పన్నెండు, పదమూడేండ్లు దాటిపోయిన పిల్లలు మన దగ్గర ఉన్నారు. భాష రాదని జంకకండి. మరాఠీలో చెప్పినా, హిందీలో చెప్పినా పూజ అదే పూజ, ఎప్పుడు నిలబడాలో ఎప్పుడు మోకరించాలో మీ పిల్లకు తెలుసు. ముంబయిలో ఉన్నవాళ్లు సెప్టెంబరులో బాంద్రా మౌంట్ మేరీ జాతరకు పోవచ్చు. సెప్టెంబరు 8 తర్వాత వచ్చే ఆదివారం మొదలై వారం పాటు జరుగుతుంది. గుణదల దూరమైన ఏడు మీ పిల్లలకు అదే గుణదల.

రెండోది బడి. మన తెలుగు నేల నుంచి మొదటి కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారు నంద్యాల దగ్గర పోలూరులో 1961లో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. ఏడో తరగతి తర్వాత పేదరికం వల్ల ఆయన చదువు ఆగిపోయింది. మిషనరీలు కడపకు తీసుకుపోయి మళ్లీ బడిలో వేశారు. 2022 ఆగస్టులో ఫ్రాన్సిస్ పోపు గారు ఆయనను కార్డినల్ చేశారు. ఇవాళ హైదరాబాద్ అగ్రపీఠం ఆయనది. ఆగిపోయిన చదువును ఎవరో ఒకరు మళ్లీ పట్టుకున్నందుకే ఇది జరిగింది. వలస పోయేటప్పుడు పిల్లను అవ్వతాతల దగ్గర వదిలినా, వెంట తీసుకుపోయినా, గూట్లో మిగిలిపోయే ఆ పుస్తకాల సంచిని ఈసారి మూటలో ముందు పెట్టండి. ఉపదేశులకు, మఠకన్యలకు కూడా నా విన్నపం ఇదే. ఏ ఇంటి పిల్లలు వలస పోయారో, ఏ బడి నుంచి పోయారో ప్రతి పల్లెలో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, వాళ్లు తిరిగొచ్చిన రోజున బడికి తీసుకుపోవడానికి ఒక మనిషి ఉంటారు.

గుణదల పోదలచినవాళ్లు ఇప్పుడే మాట్లాడుకోండి. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు 11వ తేదీ జనంలోకి పోకుండా, నవదిన ప్రార్థనల రోజుల్లోనో, తిరునాళ్లు అయిన వారం తర్వాతో పోతే మేలు. కొండ ఏడాదంతా అక్కడే ఉంటుంది, మొక్కుకు తేదీ లేదు. నాలుగైదు ఊళ్ల కథోలిక ఇళ్లవాళ్లు కలిసి ఒక బండి మాట్లాడుకోండి. సీట్లు పంచుకునేటప్పుడు పాలిచ్చే తల్లులకు, వాంతులయ్యే పిల్లలకు ముందు వరుసలు రాసి పెట్టి, మిగిలిన చోట పెద్దమనుషులను కూర్చోబెట్టండి.